ఓడ నుంచి ఫియట్ కారు దాకా: వాల్‌చంద్ హీరాచంద్ జీవన ప్రస్థానం

భిలాయ్ ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అనేకం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లినవే. పండుగలకు, పెళ్లిళ్లకు వారు ఎక్కే రైలు రాయపూర్ దాటి, ఒడిశా కొండల మీదుగా విజయనగరం చేరి విశాఖపట్నం వెళుతుంది. విశాఖ రేవులో ఓడల నుంచి దించిన కోకింగ్ బొగ్గు ఇదే మార్గంలో ఎదురు దిశగా ప్రయాణించి భిలాయ్ కర్మాగారానికి చేరుతుంది. విశాఖలో దిగి నౌకా నిర్మాణ కేంద్రం వైపు సిటీ బస్సు ఎక్కిన వారికి సింధియా అనే పేరు వినిపిస్తుంది. తెలుగు నేలపై ఈ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. గ్వాలియర్ రాజవంశపు పేరు ఒక ఓడల కంపెనీకి, ఆ కంపెనీ పేరు విశాఖలోని ఒక పేటకు స్థిరపడ్డాయి. ఆ కంపెనీని రెండు దశాబ్దాల పాటు నడిపించి, విశాఖ తీరాన ఓడల కర్మాగారానికి పునాది వేయించిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్. తర్వాతి కాలంలో ప్రీమియర్ పద్మినిగా దేశమంతటికీ సుపరిచితమైన చిన్న ఫియట్ కారును తయారు చేసిన సంస్థ స్థాపకుడు కూడా ఆయనే.

ఓడ, విమానం, కారు. పరాయి పాలనలోని దేశంలో ఈ మూడింటినీ తయారు చేయించాలని సంకల్పించిన వ్యక్తి మరొకరు కనిపించరు. మూడింటిలోనూ పని మొదలుపెట్టగలిగారు. అయితే వాటిలో రెండు ఆయన చేతుల్లో నిలవలేదు. మూడోదైన కారు నిలిచింది కానీ, అది సామాన్యుడి ఇంటి ముందుకు చేరే రోజును ఆయన చూడలేకపోయారు.

వాల్‌చంద్ 1882 నవంబర్ 23న షోలాపూర్‌లో జన్మించారు. వారిది సౌరాష్ట్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన గుజరాతీ జైన కుటుంబం. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఇంటి వృత్తులు. తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలీలు మగ్గాలు నెలకొల్పుకుని దుప్పట్లు నేసే ఊరు కూడా ఆ షోలాపూరే. పసిబిడ్డగా ఉన్నప్పుడే తల్లిని కోల్పోయిన వాల్‌చంద్ తండ్రి హీరాచంద్ నేమ్‌చంద్ పర్యవేక్షణలో పెరిగారు. బొంబాయి, పుణెలలో కళాశాల చదువు సాగినా పట్టా దాకా వెళ్లలేదు. కుటుంబ వ్యాపారంలోకి వచ్చిన యువకుడికి పత్తి బేళ్ల మీద, వడ్డీ లెక్కల మీద మనసు నిలవలేదు. సొంతంగా చేసిన తొలి ప్రయత్నాల్లో నష్టాలే ఎదురయ్యాయి.

దారి చూపినది రైలు. లక్ష్మణరావు ఫాటక్ అనే మాజీ రైల్వే గుమాస్తాతో భాగస్వామ్యం కుదుర్చుకుని ఆయన రైలు మార్గాల కాంట్రాక్టులు చేపట్టారు. ఫాటక్‌కు పని తెలుసు. వాల్‌చంద్‌కు పెట్టుబడి సమకూర్చడం, అధికారుల గదుల్లో బేరం కుదుర్చుకోవడం తెలుసు. బార్సీ లైట్ రైల్వే పనితో మొదలైన ఈ జోడీ క్రమంగా పెద్ద పనులకు ఎదిగింది. పశ్చిమ కనుమల్లోని భోర్ ఘాట్ సొరంగాలు, బొంబాయి నగరానికి తాన్సా నుంచి నీరు తెచ్చే గొట్టపు మార్గాలు తర్వాతి కాలంలో ఆయన సంస్థల ఖాతాలో చేరాయి. 1926లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఏర్పడింది. దేశంలోని పెద్ద ఆనకట్టలు, వంతెనలు నిర్మించిన సంస్థల్లో ఒకటిగా అది ఈనాటికీ కొనసాగుతోంది.

కాంట్రాక్టు పనుల్లో ఆయన నేర్చుకున్న పాఠం ఒకటుంది. పట్టాలు, యంత్రాలు, ఇంజన్లు అన్నీ బ్రిటన్ నుంచే రావాలి. మట్టి తవ్వి గట్టు వేసే పని మాత్రమే భారతీయులది. సరుకును దేశానికి తెచ్చే ఓడ పరాయివారిది, ఇక్కడి సరుకును బయటికి తీసుకెళ్లే ఓడ కూడా పరాయివారిదే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఈ పరిస్థితిపై అసంతృప్తి ఆయనలో ఒక నిర్ణయంగా మారింది.

1919లో ఆ అవకాశం వచ్చింది. కెనడా కంపెనీకి ఎంప్రెస్ ఆఫ్ ఇండియా పేరుతో పనిచేసి, యుద్ధకాలంలో గ్వాలియర్ మహారాజా సింధియా చేతికి వచ్చి ఆసుపత్రి ఓడగా మారిన ఒక పాత నౌక అమ్మకానికి ఉంది. దానికి అప్పటికే లాయల్టీ అని పేరు మార్చారు. నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామల్‌దాస్‌లతో కలిసి వాల్‌చంద్ దానిని కొనుగోలు చేశారు. ఓడను ఇచ్చిన వంశం పేరుతోనే సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ రూపుదిద్దుకుంది. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. వాల్‌చంద్ కూడా ఆ ఓడలోనే ప్రయాణించారు. ప్రభు భక్తిని సూచించే పేరున్న ఓడ బ్రిటిష్ నౌకా గుత్తాధిపత్యంపై తొలి దెబ్బ కావడం చరిత్రలోని చిన్న వింత. ఈ తేదీనే ఏటా జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

ఈ సాహసానికి ముందు ఒక హెచ్చరిక లేకపోలేదు. 1906లో తూత్తుకుడిలో వి.ఒ. చిదంబరం పిళ్లై స్థాపించిన స్వదేశీ ఓడల కంపెనీని బ్రిటిష్ కంపెనీలు రేట్ల పోటీతోను, ప్రభుత్వం కారాగార శిక్షతోను దెబ్బతీశాయి. సింధియాపైనా అదే ఆయుధం ప్రయోగించారు. లార్డ్ ఇంచ్‌కేప్ నేతృత్వంలోని కంపెనీలు రంగూన్ బియ్యం రవాణా రేట్లను కొత్త సంస్థ తట్టుకోలేనంతగా తగ్గించాయి. అయితే సింధియా వాటాదారులు వెనుకంజ వేయలేదు. 1923లో ఇరుపక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. అది సింధియా విస్తరణకు హద్దులు గీసిన ఒప్పందం, విజయమని చెప్పలేం. కానీ కంపెనీ బతికింది. 1929లో అధ్యక్ష పదవి చేపట్టిన వాల్‌చంద్ 1950 వరకు ఆ స్థానంలో కొనసాగారు. తీర ప్రాంత రవాణాను భారతీయ ఓడలకే కేటాయించాలని ఆ కాలమంతా పట్టుబట్టారు. 1927లో భారత వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య ఏర్పాటులోనూ ఆయన పాత్ర ఉంది.

వాల్‌చంద్ స్వభావంలో ఒక లక్షణం సమకాలికులను ఆకర్షించింది, కలవరపెట్టింది కూడా. చేతిలోని సొమ్ము కంటే మనసులోని ప్రణాళిక ఎప్పుడూ పెద్దదిగా ఉండేది. ఒక పని గట్టెక్కక ముందే రెండోది మొదలయ్యేది. పుణె జిల్లాలో బీడు భూముల్లో చెరకు తోటలు, చక్కెర కర్మాగారంతో వాల్‌చంద్‌నగర్ వెలసింది. నాసిక్ జిల్లా రావల్‌గావ్‌లో మరో చక్కెర కర్మాగారం వచ్చింది. ఒక తరం పిల్లలకు తెలిసిన రావల్‌గావ్ చాక్లెట్లు, మిఠాయి బిళ్లలు అక్కడివే. వాల్‌చంద్‌నగర్ యంత్రశాలలు కాలక్రమంలో ఇస్రో రాకెట్లకు భాగాలు అందించే స్థాయికి చేరాయి. చక్కెర తీసే యంత్రాల మరమ్మతు నుంచి అంతరిక్ష వాహనం దాకా సాగిన ఆ ప్రయాణం ఆయన వారసుల కాలం నాటిది.

కారు ఆలోచన మాత్రం ఆయన ఒక్కరిదే కాదు. దానికి ముందుగా కాగితంపై రూపమిచ్చినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మూసీ వరదల తర్వాత హైదరాబాద్ రక్షణకు జలాశయాల ప్రణాళిక ఇచ్చిన ఇంజినీరుగా తెలుగువారికి ఆయన చిరపరిచితులు. 1930ల మధ్యలో, ఏడు పదుల వయసు దాటాక, ఆయన యూరప్, అమెరికాల్లోని మోటారు కర్మాగారాలను పరిశీలించి భారతదేశంలో కార్ల పరిశ్రమ స్థాపనకు పథకం సిద్ధం చేశారు. అప్పటికి దేశంలో కార్లు లేవని కాదు. జనరల్ మోటార్స్ 1928 నుంచే బొంబాయిలో విదేశీ విడిభాగాలను బిగించి కార్లు అమ్ముతోంది. ఫోర్డ్ కూడా అదే బాట పట్టింది. అయితే పెట్టెల్లో వచ్చిన ముక్కలను బోల్టులతో బిగించడానికీ, ఇంజన్‌ను ఇక్కడే పోతపోసి, రేకును ఇక్కడే వంచి కారు తయారు చేయడానికీ మధ్య తేడా విశ్వేశ్వరయ్యకు తెలుసు. భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నష్టాల నుంచి గట్టెక్కించిన అనుభవం ఆయనది. ఉక్కు లేనిదే యంత్ర పరిశ్రమ లేదన్నది ఆయనకు పుస్తక పరిజ్ఞానంతో తెలిసిన సంగతి కాదు.

ఆ పథకాన్ని వాల్‌చంద్ తన భుజాలపైకి ఎత్తుకున్నారు. 1937లో బొంబాయి రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్ మంత్రివర్గం సానుకూలత చూపడంతో ఆశలు చిగురించాయి. 1939లో ఆయన అమెరికా వెళ్లి డెట్రాయిట్‌లోని కంపెనీలతో చర్చలు జరిపారు. ఫోర్డ్‌తో మాటలు కుదరలేదు. క్రైస్లర్ సాంకేతిక సహకారానికి అంగీకరించింది. ఈలోగా యుద్ధం మొదలైంది, కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, బొంబాయి ప్రభుత్వ మద్దతు ఆవిరైంది. యుద్ధానికి వాహనాలు కావాలి కనుక ఢిల్లీ పాలకులు ఈ కర్మాగారాన్ని ఆహ్వానిస్తారని ఆయన భావించారు. వారు అలా చూడలేదు. యుద్ధ అవసరాల జాబితాలో దానిని చేర్చలేదు, యంత్రాలు కొనేందుకు కావలసిన డాలర్లు విడుదల చేయలేదు. ముందుకు వచ్చిన మైసూరు సంస్థానం కూడా పైనుంచి వచ్చిన ఒత్తిడితో వెనక్కి తగ్గింది. యుద్ధానంతరం భారత విపణి తమకే దక్కాలన్న బ్రిటిష్ కార్ల కంపెనీల ఆసక్తి ఈ నిరాకరణ వెనుక ఉందని ఆనాటి జాతీయవాదులు గట్టిగా విశ్వసించారు. ఆ విశ్వాసం నిరాధారమని చెప్పడం కష్టం.

అదే అమెరికా యాత్ర నుంచి అనుకోని ఫలం మరొకటి లభించింది. తిరుగు ప్రయాణంలో విమానంలో పరిచయమైన విలియం పాలీ చైనాకు యుద్ధ విమానాలు సమకూర్చే వ్యాపారి. కారు గురించి మాట్లాడేందుకు వెళ్లిన వాల్‌చంద్ విమానాల కర్మాగారం ఆలోచనతో తిరిగివచ్చారు. మైసూరు ప్రభుత్వ భాగస్వామ్యంతో 1940 డిసెంబర్ 23న బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ఏర్పడింది. ఈసారి ఢిల్లీకి అవసరం కనిపించింది. జపాన్ ముప్పు దగ్గరయ్యేకొద్దీ ప్రభుత్వం వాటా తీసుకుని, 1942లో ఆయన వాటాను పూర్తిగా కొనుగోలు చేసి సంస్థ నిర్వహణను చేపట్టింది. ఈనాటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ మూలాలు అక్కడే ఉన్నాయి. కారుకు అడ్డం పెట్టి విమానానికి తలుపు తెరిచిన పాలకుల తర్కం ఒక్కటే, తమకు పనికొచ్చేదా కాదా అన్నది.

ఓడల కర్మాగారం కథ తెలుగు నేలకు మరింత దగ్గరిది. మొదట ఆయన దృష్టి కలకత్తాపై ఉండేది. అక్కడి రేవు అధికారులతో స్థలం విషయం కుదరకపోవడంతో విశాఖను ఎంచుకున్నారు. 1933లో ప్రారంభమైన విశాఖ రేవుకు కొండ అండ, లోతైన నీరు, రాయపూర్ వైపు కొత్తగా వేసిన రైలు మార్గం అనుకూలించాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ప్రభుత్వ ప్రతినిధిని కాక జాతీయోద్యమ నాయకుడిని పిలవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కర్మాగారం ఉన్న ప్రాంతానికి గాంధీగ్రామ్ అనే పేరు స్థిరపడింది. పని మొదలైన ఏడాది లోపే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. కర్మాగారం పని కుంటుపడింది, యంత్రాలను బొంబాయికి తరలించవలసి వచ్చింది.

అయినా 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విశాఖకు వచ్చి జల ఉష అనే 8 వేల టన్నుల ఓడను జలప్రవేశం చేయించారు. స్వతంత్ర భారతంలో నిర్మితమైన తొలి ఆధునిక సముద్ర నౌకగా అది పేరుపొందింది. దాన్ని కట్టిన వడ్రంగులు, కమ్మరులు, వెల్డర్లలో తెలుగు కార్మికులెందరో. ఓడ కట్టడానికయ్యే ఖర్చు విదేశాల్లో కొనే ధర కంటే ఎక్కువ కావడంతో ప్రైవేటు సంస్థగా దాన్ని నడపడం అసాధ్యమని త్వరలోనే తేలింది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ పేరుతో అధిక భాగం ప్రభుత్వ యాజమాన్యంలోకి వెళ్లింది. పరాయి ప్రభుత్వంతో మూడు దశాబ్దాలు తలపడిన వ్యాపారి చివరికి స్వదేశీ ప్రభుత్వం ఆసరా కోరవలసి రావడం గమనించదగినది. దేశంలో చాలినంత ఉక్కు, నౌకా యంత్రాల తయారీ లేకుండా ఓడల కర్మాగారం ఒంటరిగా నిలబడలేదని విశాఖ అనుభవం చాటింది.

కారు విషయంలోనూ ఇదే చిక్కు. యుద్ధం చివరి దశకు చేరుతుండగా 1944లో బొంబాయి శివారులోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఏర్పడింది. దానికి రెండేళ్ల ముందే బిర్లా కుటుంబం హిందుస్థాన్ మోటార్స్‌ను ప్రారంభించింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే కుర్లా నుంచి క్రైస్లర్ శ్రేణికి చెందిన డాడ్జ్, డిసోటో, ప్లిమత్ కార్లు, ఫార్గో లారీలు బయటికి వచ్చాయి. అవి అమెరికా రోడ్లకు, అమెరికా జేబులకు సరిపోయే భారీ వాహనాలు. రాజులు, పెద్ద వ్యాపారులు, ఉన్నతాధికారులు మాత్రమే వాటిని కొనగలరు. పెట్రోలు దిగుమతి చేసుకునే పేద దేశానికి అవి తగవని త్వరలోనే స్పష్టమైంది.

అందుకే ప్రీమియర్ చూపు ఇటలీ వైపు మళ్లింది. ఇరుకు వీధులు, తక్కువ ఆదాయాలు, ఖరీదైన ఇంధనం ఉన్న దేశం కోసం ఫియట్ రూపొందించిన చిన్న కార్లు భారత పరిస్థితులకు దగ్గరగా ఉన్నాయి. 1950ల ఆరంభంలో కుర్లాలో చిన్నారి ఫియట్ 500 తయారీ మొదలైంది. తర్వాత 1954లో ఫియట్ 1100 వచ్చింది. 1,089 సీసీ ఇంజన్, నలుగురు సుఖంగా, అయిదుగురు సర్దుకుని కూర్చునే వీలు, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, ఎక్కడ ఆగిపోయినా వీధి చివరి మెకానిక్ విప్పి బిగించగల సరళమైన నిర్మాణం దాని ప్రత్యేకతలు. డాక్టర్లు, వకీళ్లు, ప్రొఫెసర్లు, కర్మాగారాల ఇంజినీర్లు దాన్ని ఇష్టపడ్డారు. అంబాసిడర్ ప్రభుత్వ అధికారానికి చిహ్నమైతే, ఫియట్ చదువుకున్న మధ్యతరగతి గౌరవానికి గుర్తయింది. 1970ల మధ్యలో ఇటలీ పేరు తొలగి ప్రీమియర్ పద్మినిగా మారింది. నలుపు పసుపు రంగుల్లో బొంబాయి టాక్సీగా సినిమాల ద్వారా దేశమంతటా సుపరిచితమైంది. ముంబయి రోడ్లపై చివరి పద్మిని టాక్సీ గడువు 2023 అక్టోబర్‌లో ముగిసినప్పుడు నగరవాసులు దానికి వీడ్కోలు పలికిన తీరు ఒక మనిషికి పలికిన వీడ్కోలులాగే ఉంది.

ఈ వైభవంలో ఏదీ వాల్‌చంద్ చూడలేదు. 1949లో పక్షవాతం సోకి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. మరుసటి ఏడాది సింధియా అధ్యక్ష పదవి వదిలారు. భార్య కస్తూర్‌బాయి సంరక్షణలో చివరి రోజులు గడిపి, 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశారు. ఫియట్ 1100 కుర్లా ద్వారం దాటడానికి అప్పటికి ఇంకా ఏడాది ఉంది. తమ్ముళ్లు, వారి సంతానం సంస్థల బాధ్యత స్వీకరించారు.

ఆయన కోరిన స్వదేశీ కారు వచ్చింది. చవక కారు రాలేదు. దీనికి కారణాలు వెతికితే మళ్లీ ఉక్కు దగ్గరికే చేరుకుంటాం. స్వాతంత్ర్యం నాటికి దేశం మొత్తం ఏటా ఉత్పత్తి చేస్తున్న ఉక్కు 10 లక్షల టన్నుల పైచిలుకు మాత్రమే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం దుర్గ్ జిల్లాలోని భిలాయ్‌లో తలపెట్టిన కర్మాగారం ఒక్కటే తొలి దశలో 10 లక్షల టన్నుల సామర్థ్యానికి రూపొందింది. 1959 ఫిబ్రవరి 4న దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి హోదాలో ప్రారంభించినది, 18 ఏళ్ల క్రితం విశాఖలో వాల్‌చంద్ కోసం శంకుస్థాపన చేసిన రాజేంద్రప్రసాదే. దల్లీ రాజహరా గనుల ఖనిజంతో భిలాయ్ పోసిన ఉక్కు ప్రధానంగా రైలు పట్టాలుగా, దూలాలుగా మారింది. కారు ఒంటికి కావలసిన పలుచని రేకు రూర్కెలా వంటి కర్మాగారాల వంతు. ప్రణాళికాకర్తల ప్రాధాన్యం స్పష్టం. ముందు రైలు, ఆనకట్ట, విద్యుత్ కేంద్రం, యంత్రం. సొంత కారు వరుసలో చివరిది. కోట్లాది మంది కాలినడకన తిరిగే దేశంలో ఈ నిర్ణయాన్ని తప్పుపట్టడం అంత తేలిక కాదు.

కానీ దాని ఫలితం కొనుగోలుదారుడిపై పడింది. లైసెన్సుల విధానం కింద ప్రతి కంపెనీ ఎన్ని కార్లు తయారు చేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. దిగుమతి పోటీ లేదు. ఎన్నేళ్లయినా అదే నమూనా. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరుసలో నిలబడి ఫియట్ తెచ్చుకున్న కుటుంబానికి అది పండుగ. ఆ పండుగలో సగం కారు గొప్పతనం, మిగతా సగం కొరత మహిమ. భిలాయ్ వంటి ఉక్కు పట్టణాల్లో కార్మికుడి వాహనం సైకిలే. షిఫ్టు మారే వేళ గేట్ల వద్ద సైకిళ్ల ప్రవాహం ఆ ఊళ్ల గుర్తుగా ఉండేది. స్కూటరు కొన్నవాడు ఎదిగినవాడు. దేశానికి ఉక్కు పోసే చేతులకు ఉక్కుతో చేసిన కారు అందని కాలమది.

చిన్న చవక కారు కావాలన్న మాట 1950ల చివరి నుంచే ప్రభుత్వ కమిటీల్లో నలుగుతూ వచ్చింది. అది కార్యరూపం దాల్చడానికి పాతికేళ్లు పట్టింది. 1983 డిసెంబర్ 14న ప్రధాని ఇందిరా గాంధీ తొలి మారుతి 800 తాళాలు అందజేశారు. 796 సీసీ ఇంజన్, 47,500 రూపాయల ధర. అప్పటికి దేశంలోని కార్ల ఉత్పత్తి అంతా కలిపి ఏటా సుమారు 40 వేలు. తర్వాతి మూడు దశాబ్దాల్లో మారుతి 800 ఒక్కటే 25 లక్షలకు పైగా తయారైంది. సంఖ్య పెరిగితేనే ధర తగ్గుతుందన్న సూత్రం డెట్రాయిట్‌లో వాల్‌చంద్ కళ్లారా చూసినదే. దాన్ని అమలు చేసే అవకాశం మాత్రం ఆయన స్థాపించిన కంపెనీకి రాలేదు, వచ్చినప్పుడు అందిపుచ్చుకునే శక్తి ఆ కంపెనీకి మిగల్లేదు. మారుతి ధాటికి పద్మిని క్రమంగా వెనుకబడి, శతాబ్దం ముగిసేసరికి కుర్లా కార్ల కథ దాదాపు ముగింపుకు చేరింది.

మారుతి ఉద్యోగ్‌ను ఆరంభం నుంచి నడిపించిన వి. కృష్ణమూర్తి 1985లో భారత ఉక్కు ప్రాధికార సంస్థ సెయిల్ అధిపతిగా బాధ్యతలు చేపట్టారు. భిలాయ్ ఆ సంస్థ కింది కర్మాగారమే. చిన్న కారు కర్మాగారంలో నేర్చిన పని క్రమశిక్షణను ఉక్కు కర్మాగారాల్లోకి తేవాలని ఆయన ప్రయత్నించారు. ఆ తరువాతి సంవత్సరాల్లో భిలాయ్ సెక్టార్ల క్వార్టర్ల ముందు సైకిళ్ల పక్కన స్కూటర్లు, స్కూటర్ల పక్కన చిన్న కార్లు చేరాయి. అంతకుముందు కారు కొనే ఊహే లేని ఉద్యోగులు జీతం మీద, అప్పు మీద కారు కొన్నారు.

వాల్‌చంద్‌ను దేశం పూర్తిగా మరిచిపోలేదు. సాంగ్లీలోని ఇంజినీరింగ్ కళాశాల ఆయన పేరుతో నడుస్తోంది. 2004లో తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. భారత రవాణా రంగ పితామహుడని పాఠ్యపుస్తకాలు పరిచయం చేస్తాయి. అయితే టాటా, బిర్లాల పేర్లు తెలిసినంతగా ఆయన పేరు తెలుగునాట తెలియదు. ఆయన పెట్టినవాటిలో పెద్దవి ప్రభుత్వపరం కావడం, మిగిలినవి వారసుల మధ్య విడిపోవడం ఇందుకు కొంత కారణం. సింధియా కంపెనీ సైతం కాలగతిలో కనుమరుగైంది.

విశాఖలో ఆయన పునాది వేయించిన కేంద్రం రక్షణ మంత్రిత్వ శాఖ పరిధిలో పనిచేస్తోంది. భిలాయ్‌లో 1980లలో పనిచేయడం మొదలుపెట్టిన పలకల మిల్లు ఓడల నిర్మాణానికి తగిన మందపాటి ఉక్కు పలకలు తయారు చేస్తుంది. స్వదేశీ విమానవాహక నౌక విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేక శ్రేణి ఉక్కు భిలాయ్, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచే వెళ్లింది. జల ఉష కట్టిన రోజుల్లో వాల్‌చంద్ ఇంజినీర్లు ఓడ పలకల కోసం విదేశాల వైపు చూడవలసి వచ్చేది.